తల మీద పెట్టిన ఒట్టు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు కాప్రాలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు. "మేడం, వచ్చినవాళ్ళకి ముందు ఏం చెప్పాలి?" చెప్పడం సంగతి తరవాత చూద్దాం. ఎదుటి మనిషి చెప్పింది విన్నాక మీ మొహం మామూలుగా ఉంచుకోవడం వచ్చా? నాకు రాలేదు. ఇన్నేళ్ళు పనిచేసి రిటైరైనా పూర్తిగా రాలేదు.

సికింద్రాబాద్‌లో ఒక ప్రభుత్వాసుపత్రి, మెట్ల పక్కన చిన్న గది, హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రం. అందులో నేను కౌన్సెలర్ని. రక్తం తీసేముందు ఒకసారి, రిపోర్టు వచ్చాక ఒకసారి మనిషిని కూర్చోబెట్టి మాట్లాడటం నా పని. బయటివాళ్ళకి ఇది జబ్బుల ఉద్యోగంలా కనిపిస్తుంది. నిజానికి ఇది మనుషులు ఒకరికొకరు ఇచ్చుకున్న మాటలతో పని. అందులోనూ నన్ను అందరికంటే ఎక్కువ నోరెళ్ళబెట్టించింది మగవాళ్ళ జంటలు. వాళ్ళ గురించే రాస్తున్నాను. పేర్లు, ఊళ్ళు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

గ్లాసు వెనకాల నోరు

చేరిన కొత్తలో ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తళతళలాడే బూట్లు. పెళ్ళయిందా అని అడిగాను.

"అయినట్టే మేడం. మావోడు బయట కూసున్నడు" అన్నాడు.

"మావోడా?" అన్నాను. అనడం కాదు, కేకే పెట్టాను. వరండాలో లైన్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

ఆయన నొచ్చుకోలేదు. టేబుల్ మీదున్న స్టీలు గ్లాసు నా వైపు జరిపి, "జెర నీళ్ళు తాగుండ్రి మేడం, పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. ధైర్యం చెప్పాల్సిన కౌన్సెలర్‌కి వచ్చినాయనే ధైర్యం చెప్పాడన్నమాట.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది మా డాక్టరమ్మ. అప్పుడు మా కేంద్రానికి ఆవిడే పెద్ద. తిడుతుందనుకున్నాను. ఆయన వెళ్ళాక లోపలికి వచ్చి, "నువ్వు ఆశ్చర్యపోకుండా నేను ఆపలేనమ్మా. కానీ ఆశ్చర్యం వేసినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు తాగు. నీ నోరు గ్లాసు వెనకాల ఉంటుంది" అంది. నా కింద పనిచేసినవాళ్ళలో గానీ, నా పైన పనిచేసినవాళ్ళలో గానీ ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ గ్లాసు రిటైరయ్యేదాకా నా టేబుల్ మీదే ఉంది. రోజుకి ఎన్నిసార్లు నింపుకున్నానో చెప్తే మీరు నవ్వుతారు.

రూళ్ళు పెట్టుకున్నవాళ్ళు

తరవాతి కాలంలో, మగవాళ్ళు మగవాళ్ళతో ఉండటం నేరం కాదని కోర్టు తీర్పొచ్చి భయం కొంచెం తగ్గింది. మగవాళ్ళు జంటగా వచ్చి పక్కపక్క కుర్చీల్లో కూర్చోవడం మొదలైంది. అలా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, కాల్ సెంటర్ ఉద్యోగాలవాళ్ళు, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. "మాకు రూల్స్ ఉన్నయి మేడం" అని మొదలుపెట్టారు. ఇంకొకరిని కలవొచ్చట. కానీ ఇంటికి తేవద్దట. ఒకే మనిషిని రెండోసారి కలవొద్దట. కండోమ్ లేకుండా అసలే వద్దట. కలిసొస్తే మర్నాడు పొద్దున టీ తాగేలోపు చెప్పేయాలట.

నేను నీళ్ళు తాగాను. ఆఫీసులో సెలవుల నిబంధనలు చదివినంత తాపీగా చెప్తున్నారు మరి.

"చెప్తే గొడవ కాదా?" అని అడిగాను.

"చెప్తే గొడవెందుకు మేడం? చెప్పకుంటేనే గొడవ" అన్నాడు పొట్టివాడు.

నాకు ముచ్చటేసింది. ఇంత తెలివిగా ఉన్నారు, నేను చెప్పేదేముంది అనుకున్నాను. అయినా అలవాటు ప్రకారం ఒకరి తరవాత ఒకరిని విడిగా పిలిచి అవే రూళ్ళు మళ్ళీ చెప్పమన్నాను. పొడుగువాడు, కండోమ్ ఎవరితోనైనా తప్పనిసరి అన్నాడు. పొట్టివాడు, "కొత్తోళ్ళతోని మాత్రమే మేడం. తెలిసినోళ్ళతోని ఎందుకు?" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకే మంచం మీద రెండు ఒప్పందాలతో పడుకుంటున్నారంతే. ఆ సంగతి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పించినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. పాపం, నా గ్లాసు వాళ్ళకే ఇచ్చాను.

ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోండి. "మా మధ్య ఒప్పందం ఉంది" అని ఎవరన్నా, "ఏంటది?" అని ఇద్దరినీ అడగండి. విడిగా అడగండి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, పేపరు చదువుతున్న మా ఆయన్ని సరదాకి అడిగాను. "ఇన్నేళ్ళయింది కదా, మనిద్దరి మధ్య ఏమైనా ఒప్పందం ఉందా?"

ఆయన పేపరు మడిచి కింద పెట్టారు. "ఎవరేం చెప్పారు నీకు?" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ మాట అక్కడితో ఆపేశాం. ఇప్పటికీ అక్కడే ఉంది.

యాదగిరి, ఖలీల్

ఇక అసలు సంగతికి వస్తాను. యాదగిరికి మోండా మార్కెట్ సందులో స్టీలు సామాన్ల దుకాణం. గట్టి గొంతు, గట్టి నవ్వు. ఖలీల్ సంగారెడ్డి వైపు మనిషి, సైనిక్‌పురి రోడ్డులో మిలిటరీ బట్టలు కుట్టే టైలరు. మాట తక్కువ, చూపెక్కువ. మొదటిసారి వచ్చినప్పుడే, "మేడం, మీ కుడి భుజం కుట్టు జారింది, ఎవరు కుట్టిండ్రు?" అన్నాడు. టేపు లేకుండానే మనిషి కొలత చెప్పేస్తాడు. ఇద్దరూ నలభైకి దగ్గరపడ్డవాళ్ళు. కాప్రా చెరువు వైపు ఒక ఇంట్లో పై పోర్షన్‌లో అద్దెకుండేవారు. ఇంటివాళ్ళ లెక్కలో ఇద్దరూ దోస్తులు.

ఇద్దరూ కలిసి వచ్చి పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరికీ లేదు. "ఇగ మా ఇద్దరి నడుమ నిరోధ్ బంద్ చేయొచ్చా మేడం?" అని అడిగాడు యాదగిరి. కొత్తగా అంటుకున్నది కొన్ని వారాలదాకా పరీక్షలో దొరక్కపోవచ్చు, అందాకా ఆగి మళ్ళీ చూపించుకోండి అన్నాను. ఆగారు. మళ్ళీ వచ్చారు. మళ్ళీ లేదు. ఇంత ఓపికగా చెప్పినమాట విన్న జంటలు నాకు తక్కువే తగిలారు, మొగుడూ పెళ్ళాలతో కలిపి చెప్తున్నాను.

ఆ రోజు నా గదిలోనే యాదగిరి లేచి నిలబడి, కుర్చీలో కూర్చున్న ఖలీల్ తల మీద అరచెయ్యి పెట్టాడు. "నీ తల మీద ఒట్టు ఖలీలూ. నువ్వు తప్ప ఇంకొకరు లేరు."

ఖలీల్ సిగ్గుపడ్డాడు. "నేను గిట్ల ఒట్టు పెట్ట మేడం. మా దాంట్ల అల్లా మీద తప్ప కసం తినొద్దు. అల్లా సూస్తుండు. నాకు సుత గాయిన తప్ప ఎవరు లేరు. గంతే" అన్నాడు.

నాకు పెళ్ళి చూసినట్టయింది. అయినా నా పని నేను చెయ్యాలి కదా. "మరి ఎవరైనా తప్పితే?" అని అడిగాను.

"తప్పితే ఇగ ముచ్చటే లేదు" అన్నాడు యాదగిరి. "ఆ దినమే తట్టాబుట్టా సదురుకొని పోవుడే."

ఖలీల్ తలూపాడు. ఆ ఒక్కటి మార్చుకోండయ్యా అని చెప్పాను. తప్పు చెప్పినవాడికి ఇల్లు వదలడమే శిక్షయితే నోరు తెరిచి ఎవరు చెప్తారు అని అడిగాను. ఇద్దరూ పెళ్ళి పందిట్లో తుమ్మినదాన్ని చూసినట్టు చూశారు నన్ను.

తరవాత కొన్నాళ్ళు క్రమం తప్పకుండా పరీక్షకి వచ్చేవారు. యాదగిరి సరుకు కోసం ఊరెళ్ళినప్పుడల్లా గుమ్మం దగ్గర ఖలీల్ తల మీద చెయ్యిపెట్టి, "ఒట్టు యాదికున్నది" అని నవ్వి బయల్దేరేవాడట. ఖలీల్ చెప్పి ముసిముసిగా నవ్వేవాడు. ఆ తరవాత ఉన్నట్టుండి ఇద్దరూ రావడం మానేశారు.

అందరు దేవుళ్ళ దగ్గరికీ

చాలా నెలల తరవాత యాదగిరి ఒక్కడే వచ్చాడు. గుర్తుపట్టలేకపోయాను. మనిషి చిక్కిపోయాడు. నుదుటి నిండా బొట్టు, మెడలో తాయెత్తు, ముంజేతికి ఎర్రవీ పచ్చవీ దారాలు.

"ఏమైంది యాదగిరీ?"

"జొరం ఇడుస్తలేదు మేడం" అన్నాడు.   తరవాత అసలు సంగతి చెప్పాడు. సరుకు కోసం మద్రాసు వెళ్ళాడు. అక్కడ పాత పరిచయస్తుడు కనిపించాడు. ఇద్దరూ తాగారు. జరగకూడనిది జరిగింది. కండోమ్ లేదు.

"వచ్చాక ఖలీల్‌కి చెప్పారా?"

"ఎట్ల చెప్త మేడం?"

"పోనీ, ఇంట్లో కండోమ్ వాడుతున్నారా?"

తల దించేసుకున్నాడు. నా చెయ్యి గ్లాసు మీదికి పోయింది.

"ఒక్కసారి తెచ్చిననుకో, ఎందుకంటడు" అన్నాడు. "ఎందుకో ఏం జెప్పాలె? గా డబ్బా ఇంట్ల కనవడ్డదంటే నేను నోటితోని చెప్పినట్టే గద."

ఇది చదివి మీరు వాణ్ణి తిట్టుకుంటారని తెలుసు. నేనూ తిట్టుకున్నాను. కానీ ఒకసారి ఆలోచించండి. బయట తప్పితే ఇల్లు విడిచి పోవాలని అనుకున్నారు. ఇంట్లో కండోమ్ అక్కర్లేదని అనుకున్నారు. రెండూ కలిపి చూస్తే, తప్పు చేసినవాడు రెండోవాణ్ణి కాపాడాలంటే ముందు ఇల్లు పోగొట్టుకోవాలి. వాళ్ళ ఒప్పందమే అలా ఉంది.

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"మొక్కిన మేడం. ఆయన తల మీద ఒట్టు పెట్టి తప్పిన గద, ఆయనకేమన్న అయితే? అందుకే ప్రతి మంగళారం అమ్మవారికి కొబ్బరికాయ కొడ్తున్న. గురువారం దర్గల చాదర్ ఇస్తున్న. ఆయన దేవుడు సుత కోపానికి రావొద్దు గద."

 ఖలీల్ ఆయుష్షు కోసం సికింద్రాబాద్‌లో ఉన్న అందరు దేవుళ్ళ దగ్గరికీ వెళ్ళాడు. ఖలీల్ దగ్గరికి వెళ్ళలేదు. మా దగ్గరికి రాలేదు. మద్రాసు నుంచి దిగగానే మా గదికి వచ్చి ఉంటే, మూడు రోజుల్లోపు మొదలుపెట్టి నెలపాటు వాడే మందులున్నాయి, చాలావరకు ఆపగలిగేవి. ఆ సంగతి చెప్తే, "గట్లాంటివి ఉంటయా?" అని నన్నే అడిగాడు. అందుకే అంటున్నాను, ఈ ఒక్క ముక్క వచ్చిన ప్రతివాడికీ, అడిగినా అడక్కపోయినా చెప్పండి.

రక్తం తీశారు. ఉందని తేలింది. ఒకటికి రెండుసార్లు వేరే కిట్లతో చూసి మరీ చెప్పాను. రిపోర్టు విన్నవాళ్ళు ఏడుస్తారు, కొందరు తిడతారు, కొందరు బస్సు ఎన్నింటికని అడుగుతారు. యాదగిరి నా టేబుల్ అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

"నా ముచ్చట ఇడవుండ్రి. ఖలీల్‌కు వచ్చిందా? గది చెప్పుండ్రి."

"ఆయన రక్తం చూడకుండా నేనెలా చెప్పను?"

"పిలిస్తే ఎందుకంటడు. చెప్తే పోతడు మేడం. చెప్పకుంటే సస్తడు. నేనేం జెయ్యాలె?"

ఫోన్ చేస్తానన్న డాక్టరు

అప్పటికి మా డాక్టరమ్మ బదిలీ అయిపోయింది. ఆ స్థానంలో ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. మంచివాడు, తొందరమనిషి. పాత రికార్డులో ఖలీల్ నంబరుందని తెలిసి వెంటనే ఫోన్ తీశాడు.

"నేనే చెప్తా అమ్మా. ఆ మనిషి ప్రాణం పోతుంటే మనం మర్యాద చూసుకుంటూ కూర్చోవాలా?"

అలా చెయ్యడానికి లేదు సార్ అన్నాను. ఒకరి జబ్బు సంగతి ఇంకొకరికి చెప్పడానికి చట్టం పెట్టిన పద్ధతుంది. ముందు అతనితోనే చెప్పించడానికి ప్రయత్నం చెయ్యాలి. అతను ఎంతకీ చెప్పడని తేలితే, అతనికి తెలియజేసి అప్పుడు డాక్టరు చెప్పొచ్చు. పైగా ఫోన్లో ఇలాంటి మాట విన్నవాడు ఆసుపత్రికి రాడు. ఎటో వెళ్ళిపోతాడు.

"ఈలోపు ఏమైనా అయితే జవాబు మీరు చెప్తారా?" అన్నాడు.

ఆ ప్రశ్న సూటిగా గుండెల్లో దిగింది. ఆయనన్నది తప్పని ఇప్పటికీ అనలేను. మా ఉద్యోగంలో ఒక్కోసారి ఇద్దరూ సరైన మాటే అంటారు, చెయ్యాల్సింది మాత్రం ఒకటే ఉంటుంది. సోమవారందాకా ఆగండి అని బతిమాలుకున్నాను.

యాదగిరికి ఉన్నదున్నట్టు చెప్పాను. సోమవారం ఖలీల్‌ని తీసుకురావాలి, నా గదిలో నా ఎదుటే నోరు విప్పాలి. విప్పలేకపోతే డాక్టరుగారు చెప్తారు, మీకు తెలిసే చెప్తారు. అందాకా ఖలీల్ పక్కన పడుకోవద్దు. "నడుము నొప్పని కింద పండుత" అన్నాడు. ఆ మూడు రాత్రులు నాకే నిద్ర పట్టలేదు. వాళ్ళొస్తారో లేదో నాకే తెలియదు మరి.

కాల్షియం డబ్బా

వచ్చారు. పాత కుర్చీల్లోనే కూర్చున్నారు. యాదగిరి గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. మద్రాసు, తాగుడు, జ్వరం, రిపోర్టు, అన్నీ చెప్పాడు. చెప్పినంతసేపూ ఖలీల్ వైపు చూడలేదు. నేను చూశాను. ఖలీల్ మొహంలో ఏ మార్పూ లేదు. నేను అందుకే భయపడ్డాను.

"ఎరుకే" అన్నాడు ఖలీల్.

యాదగిరి తలెత్తాడు. "ఏం ఎరుక?"

"మద్రాసుకెళ్ళి వచ్చినంక నా తల మీద చెయ్యి పెట్టుడు బంద్ చేసినవ్. మల్ల ఊరికి పోయినప్పుడు దర్వాజ కాడ తలకాయ వంచి నిలవడ్డ. నువ్వు చెప్పులేసుకొని అట్లనే పోయినవ్. ఎన్కకు సుత సూడలే."

 ఖలీల్ తన సంచిలోంచి ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాడు. కాల్షియం గోలీల డబ్బా. కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయని వాడుతున్నాడట.

"ఇవి కాల్షియంవి కావు మేడం" అన్నాడు.

మూత తీసి చూశాను. నేను గుర్తుపట్టే గోలీలే. ప్రెప్ అంటాం మేము. జబ్బు లేనివాళ్ళు, రాకుండా రోజూ వేసుకునేది. ఖలీల్ ఎవరికీ చెప్పకుండా ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఆయన ముందు రక్తపరీక్ష చేయించి, లేదని తేలాక రాసిచ్చాడు. అప్పట్నుంచీ మూడు నెలలకోసారి పరీక్ష, రోజుకో గోలీ. కాల్షియం డబ్బాలో పోసుకుని ఇంట్లోనే, అందరికీ కనిపించేలా, షెల్ఫులో పెట్టుకున్నాడు.

నేను గ్లాసెత్తి మొత్తం తాగేశాను. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ, ఒకడు తప్పు దాచాడు, ఇంకొకడు మందు దాచాడు. ఇంతమందిని చూశానుగానీ ఇలాంటిది నా ఊహకి కూడా అందలేదు.

వెంటనే ఖలీల్ రక్తం తీయించాను. గంటలోపు రిపోర్టు వచ్చింది. లేదు. ఇంకొన్ని వారాలాగి మళ్ళీ చూడాలిగానీ, ఇప్పటికి లేదు.

యాదగిరి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మవారికీ దర్గాకీ పేరుపేరునా దండాలు పెట్టాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం అనుకుంటుండగా, ఏడుస్తున్నవాడు ఆగి, ఎర్రబడ్డ కళ్ళతో డబ్బా వైపు చూశాడు.

"అంటె నువ్వు నన్ను నమ్మలే" అన్నాడు.

నేను విన్నది నిజమేనా అనిపించింది. తప్పిన మనిషి, జబ్బు తెచ్చుకున్న మనిషి, నెలల తరబడి నోరు మూసుకున్న మనిషి, నన్ను నమ్మలేదని నిలదీస్తున్నాడు!

"రోజు నా ముందట్నే మింగినవ్ గద" అన్నాడు. "నీళ్ళు నేనే ఇచ్చిన గద ఖలీలూ. మోకాళ్ళ నొప్పి తగ్గాలని నేనే పోసిచ్చిన."

అప్పటిదాకా అందరినీ మీరు మీరు అన్నదాన్ని, ఒక్కసారిగా నువ్వులోకి దిగిపోయాను. "యాదగిరీ, నీకేమన్నా బుద్ధుందా? ఆ గోలీ మింగకపోతే ఇవాళ రిపోర్టు ఎట్లుండేది? బండి వెనక కూర్చున్నోడు హెల్మెట్ పెట్టుకుంటే నడిపేటోణ్ణి అవమానించినట్టా?"

ఖలీల్ నన్ను చేత్తోనే ఆపాడు. యాదగిరి వైపు తిరిగాడు.

"నమ్మకం లేక కాదు. అడిగితే నువ్వు చెప్తవ్, నీకు అబద్ధం రాదు. చెప్తే ఆ దినమే పోవాలని ఈ గదిలనే అనుకున్నం. నువ్వు పోతే నాకు ఇంట్ల ఏముంటది? అందుకే అడగలే. గోలీ మింగిన."

యాదగిరి లేచి బయటికి వెళ్ళిపోయాడు. వాణ్ణి మందుల విభాగానికి పంపించడానికి వరండా అంతా వెతకాల్సి వచ్చింది.

ఎవరూ పోవద్దు

ఆ తరవాత కొన్నాళ్ళు యాదగిరి దుకాణంలోనే పడుకున్నాడు. ఖలీల్ ఒక్కడే నా దగ్గరికి వచ్చేవాడు. ఎలా ఉన్నాడని అడిగితే, "మాట్లాడుతలేడు. టిఫిన్ పంపిస్తున్న. డబ్బా ఖాళీగ వస్తుంది, అంటే తింటుండు" అనేవాడు. మందులు వేసుకుంటున్నాడా అని అడిగితే, "దుకాణం పక్కోణ్ణి అడిగి తెలుసుకుంటున్న, రాత్రి తినంగనే ఏదో మింగుతుండంట" అనేవాడు. నాకు కోపమూ వచ్చేది, కళ్ళలో నీళ్ళూ వచ్చేవి. ఎవరు ఎవరికి అపకారం చేశారు, ఎవరు ఎవరికి టిఫిన్ పంపుతున్నారు!

చివరికి ఇద్దరూ కలిసి వచ్చారు. ఒట్లు వద్దు, మళ్ళీ మొదటినుంచి మాట్లాడుకోండి అన్నాను. ఈసారి తప్పు జరిగితే ఏం చెయ్యాలో ముందు చెప్పండి, మిగతాది తరవాత.

యాదగిరి ఆలోచించి వచ్చినట్టున్నాడు. "చెప్పినోడు ఇంట్లనే ఉండాలె. దాసినోడు పోవాలె" అన్నాడు.

ఖలీల్ తల అడ్డంగా ఊపాడు. "గట్ల పెడితే ఎట్ల? మనిద్దరం దాసినం. ఇద్దరం పోతే ఇల్లు ఖాళీ అయితది. కిరాయి ఎవరు కట్టాలె?"

యాదగిరి నవ్వాడు. అన్ని నెలల తరవాత ఆ గట్టి నవ్వు వరండాదాకా వినిపించింది. కుర్ర డాక్టరు కంగారుగా తొంగిచూసి వెళ్ళాడు. చివరికి తేలిందిది: తప్పినా, దాచినా ఎవరూ ఇల్లు విడిచి పోవద్దు. ముందు మా గదికి రావాలి, మిగతా గొడవ ఇంటికెళ్ళి పడాలి. నా సర్వీసులో విన్న ఒప్పందాల్లో ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

కొత్తగా చేరేవాళ్ళకి ఒకటే చెప్తాను. ఇద్దరు మగవాళ్ళు మాటిచ్చుకున్నారంటే నవ్వకండి, మురిసిపోయి ఊరుకోకండి కూడా. ఆ మాట తప్పితే తిరిగి లోపలికి రావడానికి దారి పెట్టుకున్నారా లేదా చూడండి. పెట్టుకోకపోతే మందులూ కండోమ్‌లూ చేతిలో ఉన్నా వాడుకోలేరు. ఇల్లు పోతుందన్న భయం జబ్బు భయంకంటే పెద్దది. నేను కళ్ళారా చూశాను.

నేను రిటైరయ్యే ముందు వాళ్ళు ఒకసారి వచ్చారు. యాదగిరి ఒళ్ళు చేశాడు, తాయెత్తు పోయి చేతి దారాలు మాత్రమే మిగిలాయి. రోజూ మందులు వేసుకోవడంవల్ల రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గిపోయింది. అలా తగ్గి నిలబడితే పడకలో రెండోవారికి అంటదు. ఖలీల్‌కి వారాలాగి చేసిన పరీక్షలోనూ, ఆ తరవాతి పరీక్షల్లోనూ లేదనే వచ్చింది. అదే చెప్పి, "ఖలీల్, డాక్టరు సలహా తీసుకుని నీ గోలీ ఇక ఆపుకోవచ్చు" అన్నాను.

ఖలీల్ యాదగిరి వైపు చూశాడు.

"ఆపుతవో మింగుతవో నీ ఇష్టం" అన్నాడు యాదగిరి. "మింగుతే చెప్పి మింగు. నీళ్ళు నేనే ఇస్త."

లేచారు. ఆ మర్నాడే యాదగిరి మద్రాసు వెళ్ళాలట, ఆ సంఘటన తరవాత అదే మొదటిసారి. తలుపు దగ్గర ఖలీల్ ఆగి, యాదగిరి ముందు నిలబడి తల వంచాడు. యాదగిరి చెయ్యి సగందాకా లేచి ఆగిపోయింది. 

"వద్దు ఖలీలూ. ఒట్టంటే భయమైతుంది."

"ఒట్టెవరు పెట్టమన్నరు?" అన్నాడు ఖలీల్ తల ఎత్తకుండానే. "ఉత్తగనే పెట్టు."

యాదగిరి చెయ్యి పెట్టాడు. పెట్టి చాలాసేపు తియ్యలేదు. గ్లాసు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది, నిండుగానే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు, నా మొహం ఎలా ఉందో వాళ్ళిద్దరూ చూశారు.